30 బై 30 మీటర్ల కుంట, 500 మైక్రాన్ల షీటు, రెండు ఫిల్టర్లు: రెండు ఎండాకాలాలు వాడాక

ముందే మార్కులు చెప్పేస్తాను. చేనులో నీళ్లు నిలవ పెట్టుకునే కుంటకు లోపల పరిచిన ప్లాస్టిక్ షీటుకు ఐదుకు నాలుగు. దాన్ని పరిచి అతికించిన వాళ్ల సర్వీసుకు రెండు, అది కూడా మళ్లీ వచ్చి సరిచేసి పోయారు కాబట్టి. కుంట నీళ్ల కోసం విడిగా కొన్న ఇసుక ఫిల్టరుకు ఐదుకు ఐదు. కంపెనీల పేర్లు రాయను, ఫోన్ నంబర్లు అడగొద్దు. ఐఎస్ఐ గుర్తున్న షీట్లలో పెద్ద తేడా నాకు కనిపించలేదు. తేడా అంతా పరిచే మనుషుల్లో ఉంది, వాళ్లు ఊరూరికీ మారిపోతుంటారు.

ఈ సామాను ఎవరు కొనాలో కూడా ఇక్కడే రాస్తాను. బోరులో ఎంతో కొంత నీళ్లుండి, ఏడాదిలో కొన్నాళ్లయినా చెరువు నీళ్లో వంక నీళ్లో చేను దాకా వచ్చే వాళ్లకు ఇది పెట్టుబడి పెట్టదగ్గ వస్తువు. రెండింట్లో ఒకటే ఉన్న వాళ్లు డబ్బు తీసే ముందు ఆలోచించుకోవాలి. కుంట నీళ్లు పుట్టించదు. వానాకాలంలో వచ్చి పోయే పైనీళ్లను ఆపిపెట్టి, ఎండాకాలంలో బోరు చాలని చోట అందిస్తుంది, అంతే. డీలర్లు ఈ ముక్క చెప్పరు.

మాది అనంతపురం జిల్లా, బెళుగుప్ప వైపు. ఆరెకరాలు. మూడెకరాల్లో చీనీ (బత్తాయి) చెట్లు, మూడెకరాల్లో వానాకాలం చెనిక్కాయ (వేరుశనగ), సాళ్ల మధ్య కంది. బోరు 420 అడుగులు. వేసిన కొత్తలో రెండించుల నీళ్లు పోసేది. ఇప్పుడు కార్తీకంలో ఇంచున్నర, ఉగాది దాటాక గంటకు 2 వేల లీటర్లు వస్తే గొప్ప. చేను ఊరి చెరువు కింద ఆయకట్టు చివర ఉంది. కృష్ణ నీళ్లు శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిపోసుకుంటూ 2012లో జీడిపల్లి జలాశయానికి వచ్చాక, ఆ హంద్రీ-నీవా పథకం నీళ్లు మా చెరువుకు కూడా కొన్నేళ్లు వచ్చాయి, కొన్నేళ్లు రాలేదు. వచ్చిన ఏడు కూడా తూము తెరిచేది కొద్ది వారాలే. చివరి కయ్య దాకా రావడం అదృష్టం మీద ఆధారం.

చీనీ చెట్టుకు ఎండాకాలం మూడు నెలలే గండం. డిసెంబరులో నీళ్లు ఆపి చెట్లను వాడబెట్టి, జనవరిలో నీళ్లిచ్చి పూత తెప్పిస్తాం. ఆ పిందె మార్చి నుంచి జూన్ దాకా చెట్టు మీదే ఉంటుంది. అప్పుడు నీళ్లు తగ్గాయంటే పిందె రాలిపోతుంది, ఇంకా తగ్గితే చెట్టే పోతుంది. మా జిల్లాలో కరువొచ్చినప్పుడల్లా ట్యాంకర్లతో చీనీ చెట్లకు నీళ్లు పోసుకున్న వాళ్లు ఎంతమందో. మేమూ పోశాం. 5 వేల లీటర్ల ట్యాంకరు 600 రూపాయలు, రోజుకు మూడు. పాదుల్లో పోసుకుంటూ పోతుంటే డ్రైవరు ఫోన్లో ఇంకో రైతుతో బేరం మాట్లాడుతుండేవాడు.

దీనికి అందరూ చెప్పే మందు ఇంకో బోరు. మా ఆయన కూడా అదే అన్నాడు. నేను బీకాం చదివాను, ఇంట్లో లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. 700 అడుగులు వేయిస్తే, కేసింగు, మోటారు, కేబులు కలుపుకుని మా దగ్గర ఎంతవుతుందో రాసి చూపించాను. నీళ్లు పడకపోతే ఆ డబ్బు మట్టిపాలే. పడినా, పక్క చేను వాళ్ల బోరు కింద ఉన్న నీళ్లే మన బోరులోకి వస్తాయి, వాల్టా చట్టం కింద దూరం కొలిచి అనుమతి తీసుకున్నా సరే. ఒకే పొర నీళ్లను ఇద్దరం పీల్చుకోవడమే కదా.

కుంట లెక్క ఇది, మీ అంకెలు పెట్టి మీరు వేసుకోవచ్చు. ఆరు మీటర్ల దూరంలో ఎకరాకు సుమారు 110 చెట్లు, మూడెకరాలకు 330. కాపు చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 100 లీటర్లు అనుకుంటే 33 వేల లీటర్లు కావాలి. మాకు కరెంటు పగలు 9 గంటలు, బోరు ఇచ్చేది 18 వేల లీటర్లు. తక్కువ పడేది 15 వేలు. 90 రోజులకు 13 లక్షల 50 వేల లీటర్లు. దీనికి ఎండకు ఆవిరయ్యేది కలపాలి. మా దగ్గర ఎండాకాలంలో కుంట నీళ్లు రోజుకు 8 మిల్లీమీటర్లన్నా ఇగిరిపోతాయి. కుంట సగం మట్టంలో నీటి ఉపరితలం 650 చదరపు మీటర్లు, అంటే రోజుకు 5,200 లీటర్లు, మూడు నెలలకు 4 లక్షల 68 వేలు. మొత్తం 18 లక్షల పైచిలుకు. పైన 30 మీటర్లు, అడుగున 21 మీటర్లు, లోతు 3 మీటర్లు, వాలు ఒకటికి ఒకటిన్నర (మీటరు లోతుకు పక్కకు ఒకటిన్నర మీటర్లు) పెట్టి తవ్విన కుంటలో పట్టేది 19 లక్షల 70 వేల లీటర్లు. అడుగున మిగిలే లక్షన్నర తోడొద్దు, అందులో బురద ఉంటుంది. పైగా కుంట పూర్తిగా ఖాళీ అయితే షీటు గాలికి లేచి కొట్టుకుంటుంది.

ఆవిరైపోయేది మొత్తంలో పావు వంతు అని గమనించారు కదా. మా మామ పట్టుకున్నది అక్కడే.

2000 దశకంలో మన ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో రైతులే భూగర్భజలాలు కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఎంత వాన పడింది, బోర్లలో ఎంత నీళ్లుంది, ఏ పంట ఎన్ని ఎకరాలు పెడితే సరిపోతుంది అని నీటి బడ్జెట్ వేసుకునేవాళ్లు. మా మామ అందులో తిరిగిన మనిషి. ఇప్పటికీ నెలకోసారి బోరులోకి తీగ వదిలి మట్టం చూసి నోటుపుస్తకంలో రాస్తాడు. షీటు సంగతి ఎత్తగానే, “నీళ్లు నిలబడాలంటే భూమిలోనే నిలబడల్లమ్మా. పైన పెడితే సూర్యుడు తాగిపోతాడు” అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. ఉపాధి హామీ పథకంలో తవ్విన పాత కుంట ఒకటి బోరుకు ఎగువన మాకు ముందే ఉంది. షీటు లేదు. వాన పడితే నిండేది, వారం తిరిగేసరికి ఖాళీ. అది పనికిమాలిన కుంటని ఊళ్లో చాలామంది నవ్వేవాళ్లు కానీ, ఆ నీళ్లు పోయింది బోరు కిందికే. భూమిలో నీళ్లకు ఆవిరి భయం లేదు. కాకపోతే అక్కడ దాచుకున్నది మనకొక్కరికే దక్కదు, చుట్టూ ఉన్న అన్ని మోటార్లూ తోడుకుంటాయి. ఏప్రిల్‌లో మన బోరు గంటకు 2 వేల లీటర్ల కన్నా ఎక్కువ లాగలేనప్పుడు, కింద ఎంతుంటే ఏం లాభం? అందుకే రెండూ ఉంచాం. షీటు కుంట నిండాక పొంగే నీళ్లు ఆరించుల పైపులో పాత కుంటలోకి పోతాయి. ఒకటి ఎండాకాలానికి, ఒకటి బోరుకు. బోరు మట్టం పెరిగితే అది తన కుంట పుణ్యమేనని మామ అంటాడు, ఆయన్ను ఎవరూ కాదనరు.

ఇక సామాను సంగతి. షీటు నల్లది, హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్, 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు మందం. పలచటిది కొంటే డబ్బు మిగులుతుందని డీలరు చెప్పాడు. మాది గరుసు నేల, సూదుల్లాంటి రాళ్లు పైకి తేలుతుంటాయి, పలచటిది వద్దన్నాను. నేత రకం షీటైతే ఐఎస్ 15351 అనే నంబరు రోలు మీద అచ్చయి ఉండాలి, బిల్లులో కూడా రాయించుకోండి. పరిచి అతికించడంతో కలిపి చదరపు మీటరుకు 110 రూపాయలు పడింది. షీటు కొలిచేటప్పుడు కుంట పైకొలత ఒక్కటే చూడకూడదు. అడుగు 21 మీటర్లు, రెండు వైపులా ఏటవాలు ఒక్కోటి 5.4 మీటర్లు, గట్టు మీద గాడిలో పూడ్చడానికి రెండు వైపులా ఒక్కో మీటరు కలుపుకుంటే ఒక పక్కకు దాదాపు 34 మీటర్లు వస్తుంది. మాకు 1,150 చదరపు మీటర్లు పట్టింది, లక్షా 26 వేల 500. ఫోన్లో కొటేషన్ అడిగితే 900 మీటర్లకే లెక్క కట్టి చెప్పేవాళ్లున్నారు, తర్వాత పెంచుతారు.

షీటు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ఎర్ర నేలల్లో కుంట లోపల మట్టీ సిమెంటూ ఆరు పాళ్లకు ఒక పాలు కలిపి పూత పూయడం. అనంతపురం వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్లు ఎన్నాళ్లుగానో చెబుతున్న పద్ధతే. చిన్న కుంటకు, చెనిక్కాయకు ఒకటి రెండు తడులు ఇచ్చుకునే వాళ్లకు అది చాలు. బీటలు పడితే ఎవరైనా మేస్త్రీ పూసి పోతాడు. మాలాగా మార్చి నుంచి జూన్ దాకా నీళ్లు నిలపాలంటే మాత్రం షీటే.

తవ్వడానికి 55 వేలు. తవ్విన మట్టితోనే గట్టు పోశారు కాబట్టి మట్టి మోసే ఖర్చు తప్పింది. జేసీబీ ఆపరేటరుకు వాలు సరిగ్గా రావాలని ఒకటికి పదిసార్లు చెప్పించాను. వాలు నిటారుగా ఉంటే షీటు కిందికి జారుతుంది. తవ్వాక రాళ్లు ఏరించి, వేర్లు నరికించి, మూడంగుళాల మెత్తటి చెరువు మట్టి పరిపించాం. షీటు వాళ్లు “అంత అవసరం లేదక్కా, మా మెటీరియల్ స్ట్రాంగ్” అన్నారు. వాళ్ల మాట వినలేదు.

తేడా వచ్చింది అతుకు దగ్గర. రోలు వెడల్పు ఎంతున్నా కుంటంత ఉండదు కాబట్టి ముక్కల్ని వేడి యంత్రంతో కలిపి కరిగించి అతుకుతారు. చదునుగా ఉన్న చోట యంత్రం నడిచినంత మేర అతుకు బాగానే వచ్చింది. మూలల్లో షీటు ఎక్కువై ముడతలు పడుతుంది. అక్కడ కోసి మళ్లీ అతకాలి. వచ్చిన కుర్రాళ్లు సాయంత్రం అయిపోయిందని ఈశాన్యం మూలలో మంచం మీద దుప్పటి మూల మడిచినట్టు మడిచి, పైన ఒక చారిక వేడి పెట్టి వెళ్లిపోయారు. నీళ్లు నిండాక ఆ మడత విచ్చుకుంది.

కారుతోందని ఎలా తెలుసుకోవాలో రాస్తాను, ఇది అందరికీ పనికొస్తుంది. కుంట నీళ్లు తగ్గుతుంటే డీలరు మొదట చెప్పే మాట “ఎండకు ఇగిరిపోతోందక్కా” అని. నిజమా కాదా తేల్చడానికి ఒక బకెట్టు చాలు. బకెట్టు నిండా కుంట నీళ్లే పోసి, కుంట గట్టు మీదే నీడ పడని చోట పెట్టండి. కుంటలో ఒక కొయ్య దించి, రెండింట్లోనూ నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మర్నాడు అదే వేళకు స్కేలు పెట్టి చూడండి. ఆవిరైతే రెండింట్లోనూ దాదాపు ఒకేలా తగ్గుతుంది. అది అక్టోబరు. మా బకెట్టులో 5 మిల్లీమీటర్లు తగ్గితే, కుంటలో 22 తగ్గింది. మిగతా 17 మిల్లీమీటర్లు భూమిలోకి పోయినట్టే. ఆ మట్టంలో నీటి ఉపరితలం 780 చదరపు మీటర్లుంటే, రోజుకు 13 వేల లీటర్ల పైన. ఎండాకాలంలో చెట్లకు తక్కువ పడే నీళ్లు ఎంతో, ఇంచుమించు అంత.

ఎక్కడ కారుతోందో కుంటే చెబుతుంది, కాస్త ఓపిక కావాలి. మట్టం చిల్లి దాకా దిగి అక్కడ నిలిచిపోతుంది, ఆ తర్వాత బకెట్టుతో సమానంగా తగ్గుతుంది. మా కుంట పైనుంచి మీటరు కింద ఆగింది. ఆ మట్టం వెంబడి చుట్టూ చూసుకుంటూ పోతే ఈశాన్యం మూల మడత నోరు తెరుచుకుని కనిపించింది. ఫోటోలు పంపితే, గమ్ము పంపిస్తాం, మీరే అతికించుకోండి అన్నారు. హెచ్‌డీపీఈకి గమ్ము పట్టదు. వేడితో కరిగించి అతికితేనే అతుకు. ఈ మాట నాకు వేరే ఊరి రైతు చెప్పాడు, లేకపోతే ఆ డబ్బా తెచ్చి పూసుకునేదాన్ని. వారాల తరబడి ఫోన్లు చేశాక, చివరికి మిగతా డబ్బు ఇవ్వనంటే వచ్చారు. మడత కోసి, ముక్క వేసి, చేతి యంత్రంతో అతికి పోయారు. ఇప్పటిదాకా కారలేదు. అందుకే ఆ రెండు మార్కులు. బిల్లులో పదో వంతు సొమ్ము కుంట నిండి బకెట్టు పరీక్ష అయ్యాకే ఇస్తామని ముందే రాయించుకోండి. మేము చేసిన పనుల్లో డబ్బు ఎక్కువ కాపాడింది అదే.

ఇప్పుడు ఫిల్టర్ల సంగతి. దీని మీద ఎవరూ సరిగ్గా చెప్పరు. డ్రిప్ మాకు సూక్ష్మసేద్యం పథకం కింద ముందే రాయితీలో వచ్చింది. దాంతో ఇచ్చింది బోరుకు పెట్టే ఫిల్టరు: ఇసుకను సుడి తిప్పి కిందికి దించే హైడ్రోసైక్లోను, దాని వెనక జల్లెడ ఫిల్టరు. బోరు నీళ్లలో వచ్చేది ఇసుక కాబట్టి అది సరిపోతుంది. కుంట నీళ్లలో ఇసుక ఉండదు, పాచి ఉంటుంది. పాచి బరువు లేనిది, సుడి తిప్పితే దిగదు. జల్లెడకు అట్టులా అంటుకుని నీళ్లు ఆపేస్తుంది, కొంత సన్నగా పిండై జల్లెడ దాటి డ్రిప్పర్లలో చేరుతుంది. కుంట నీళ్లకు సన్న ఇసుక నింపిన పెద్ద డ్రమ్ము లాంటి ఇసుక ఫిల్టరు ఉండాలి. 22 వేలు పెట్టి కొన్నాం. దాని ముందొక ప్రెషరు మీటరు, వెనకొకటి. రెండింటి మధ్య తేడా అర కిలో దాటిందంటే వాల్వులు తిప్పి నీళ్లు వెనక్కి పంపి కడగాలి. ఏప్రిల్‌లో ఆ కడిగిన నీళ్లు ఎలా వస్తాయో ఒకసారి చూస్తే 22 వేలకు ఎవరూ బాధపడరు. చిక్కటి పచ్చటి నీళ్లు, చేపల వాసన.

మోటారు నీళ్లు పీల్చే పైపు కొసన ఉండే ఫుట్‌వాల్వును కూడా అడుగుకు వేలాడదీయొద్దు. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకు కట్టి, నీటి మట్టానికి రెండడుగుల కింద ఉండేలా వదిలాం. పైన తేలే పాచీ రాదు, అడుగు బురదా రాదు. కుంట తగ్గుతుంటే డ్రమ్ముతో పాటు అదీ దిగుతుంది. బోరు లైనూ కుంట లైనూ కలిసే చోట రెండింటికీ నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వులు తప్పనిసరి. లేకపోతే బోరు నీళ్లు డ్రిప్‌లోకి పోకుండా కుంటలోకే పోతాయి.

రెండు నీళ్లూ కలపడంలో నేను ముందు ఊహించని లాభం ఉప్పు తగ్గడం. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 2.0 వచ్చింది. చెరువు నీళ్లది 0.4. నారింజ జాతి చెట్లు ఉప్పుకు తట్టుకోవు, నీళ్ల ఈసీ 1.1 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సగం సగం కలిపితే 1.2. ట్యాంకర్లతో నెట్టుకొచ్చిన రోజుల్లో మే నెల వచ్చేసరికి ఆకుల కొసలు మాడి గోధుమ రంగుకు తిరిగేవి. ఎండదెబ్బ అనుకునేవాళ్లం. కలిపి పెట్టిన రెండు వేసవుల్లోనూ ఆ మాడు చాలా తక్కువ. డ్రిప్పర్ల మీద తెల్లటి సున్నం పేరుకోవడం కూడా తగ్గింది, యాసిడ్‌తో కడిగే పని పూర్తిగా పోలేదు గానీ. కుంట నీళ్లు ఇగిరేకొద్దీ అందులోనూ ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి పెట్టకుండా మార్చి నుంచే రెండూ కలిపి పెడుతున్నాం.

కుంటలోకి నీళ్లు ఎలా వస్తాయన్నది ఊరి వ్యవహారం. కాలువ నుంచి సెకనుకు 10 లీటర్లు వచ్చినా కుంట నిండడానికి 55 గంటలు. అన్ని గంటలు కాలువ మన వైపు తిప్పుకుంటే ఆయకట్టు వాళ్లు ఊరుకుంటారా? చెరువు నిండి మరవ మీద పొంగి పారుతున్నప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు, ఎలాగూ వంకలో పోయే నీళ్లే. మరవ పారని ఏడు, మా వంతు నీళ్లను వరికి పెట్టకుండా కుంటలో పోసుకుంటామని చెరువు నీళ్లు పంచే నీరుగంటి ముందరే మాట్లాడుకున్నాం. వరి వదులుకున్నాం అన్నమాట. ఆయకట్టు చివర్లో వరి పెట్టి సగం తడికే ఎండబెట్టుకున్న ఏళ్లు గుర్తుంటే అది పెద్ద త్యాగమేమీ కాదు. మీ ఊళ్లో ఈ మాట ముందు తేల్చుకోకుండా జేసీబీని పిలవొద్దు. కాలువకూ కుంటకూ మధ్య మట్టి గుంట ఒకటి తప్పక తవ్వించండి. మొదటి వాన నీళ్లను లోపలికి రానివ్వకుండా వంకలోకే వదిలేయండి, అది ఉత్త బురద.

కుంటను ఏడాదికి రెండుసార్లు వాడుకోగలిగితేనే డబ్బు త్వరగా తిరిగొస్తుంది. మాకు వాన ఎక్కువ పడేది సెప్టెంబరులో. అంతకుముందు ఆగస్టులో, సరిగ్గా చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన లేని బెట్ట వస్తుంది. మూడెకరాలకు స్ప్రింక్లర్లతో 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే లక్షా 20 వేల లీటర్లు చాలు. అప్పటికి కుంటలో కొంచెం నీళ్లున్నా ఒక తడి గట్టెక్కుతుంది. తర్వాత సెప్టెంబరు, అక్టోబరు వానలకు కుంట మళ్లీ నిండితే చీనీకి.

ఇప్పుడు ఒక్క బోరే ఉన్నవాళ్లకు. బోరు నీళ్లు తోడి కుంట నింపి పెట్టుకుందామనే ఆలోచన మంచిది కాదు. మహారాష్ట్రలో ద్రాక్ష, దానిమ్మ తోటల వాళ్లు కుంటలు తవ్వించుకుని అదే చేశారు. అక్కడ ప్రభుత్వం 2016లో అడిగిన వాళ్లందరికీ కుంట పథకం కూడా తెచ్చింది. వాన నీళ్లు పట్టాల్సిన కుంటలు బోరు నీళ్ల తొట్లుగా మారి, పక్క రైతుల బావులు ఎండిపోతున్నాయని అక్కడ చాలా విమర్శలొచ్చాయి. భూమిలో చల్లగా ఉన్న నీళ్లను ఎండలో పెట్టి పావు వంతు ఆవిరి చేసుకోవడంలో అర్థం లేదు. మా ఇంట్లో నియమం: బోరు నీళ్లు నేరుగా డ్రిప్‌కే, కుంటలోకి ఎప్పుడూ పోవు. దీనికి మామ సంతకం కూడా ఉంది, ఆయన నోటుపుస్తకంలో.

కంచె ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు. తడిసిన షీటు మీద కాలు నిలవదు. ఈత వచ్చిన పెద్దవాడు కూడా పట్టుకోవడానికి ఏమీ లేక వాలు ఎక్కలేడు. కుంటల్లో పడి పిల్లలు పోయిన వార్తలు మనం ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం. 38 వేలు పెట్టి చుట్టూ కంచె వేయించాం, గేటుకు తాళం. నాలుగు వైపులా గట్టు మీద గుంజలు పాతి, ముడులు వేసిన మోకులు నీళ్లలోకి వదిలాం. కంచెకు ఇంకో కారణం కూడా ఉంది. కళ్యాణదుర్గం వైపు కొండల్లో ఎలుగుబంట్లు ఎక్కువ, ఎండాకాలంలో నీళ్ల కోసం దిగుతాయి. దాని గోరు ఒక్కసారి జారితే షీటు గతి అంతే. కంచె బయట ఒక తొట్టి కట్టి నీళ్లు పెడుతున్నాం. జింకలూ అడవి పందులూ వచ్చి తాగిపోతున్నాయి, తొట్టి దగ్గర అడుగుజాడలు పొద్దునే తన మనవరాలికి చూపిస్తే ఇక అక్కణ్నుంచి కదలదని మామ గొణుగుడు.

మొత్తం ఖర్చు: తవ్వకం 55 వేలు, షీటు లక్షా 26 వేల 500, కుంట మోటారు, పైపులు 30 వేలు, దానికి విడి కరెంటు సర్వీసుకు 25 వేలు, ఇసుక ఫిల్టరు 22 వేలు, కంచె 38 వేలు. అన్నీ కలిపి 2 లక్షల 96 వేల 500. గట్లతో కలిపి 32 సెంట్ల నేల కుంట కిందికి పోయింది, దాన్ని కూడా ఖర్చే అనుకోవాలి. రోజుకు మూడు ట్యాంకర్ల లెక్కన 90 రోజులకు మాకు తప్పింది లక్షా 62 వేలు. రెండు వేసవులకే పెట్టిన డబ్బు దాటిపోయింది. అయితే ఈ రెండేళ్లూ కుంట నిండింది. చెరువుకు నీళ్లు రాని ఏడు ఈ లెక్క మారుతుంది, ఆ ఏడు మళ్లీ ట్యాంకరు డ్రైవరు ఫోన్ నంబరు వెతుక్కోవాల్సిందే.

చేపలు వేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. కుంటను ఎండాకాలానికే తోడుకునే మాలాంటి వాళ్లు వేయొద్దు. మే చివరికి మోకాలి లోతు నీళ్లుంటాయి, అందులో చేపలుంటే కొంగలకే భోజనం. పైగా చచ్చిన చేప ఫుట్‌వాల్వుకు అడ్డం పడితే మోటారు గాలి పీలుస్తుంది.

షీటు మూలలు అతికేటప్పుడు మాత్రం ఎంత పొద్దుపోయినా దగ్గరే నిలబడండి. చీకటి పడితే మర్నాడు రమ్మనండి.